పెళ్ళికి ఒప్పుకున్న బూజు

  పట్టాలు అందుకున్న మీతో నేను బూజు గురించి మాట్లాడతాను. నవ్వకండి, ముప్ఫై ఏళ్ళుగా నాకు అన్నం పెట్టింది అదే.

చెరకు కొట్టి చెత్త తగలబెట్టిన చేలో, మాడిన మోళ్ళ మీద కొద్ది రోజులకు నారింజరంగు పొడి పుడుతుంది. తాకితే పసుపులా వేలికి అంటుకుంటుంది. అదే న్యూరోస్పోరా. దీని లైంగిక బీజాలు వేడి తగిలితే గాని నిద్ర లేవవు. ల్యాబులో 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతాం. శాస్త్రవేత్తలు బీడిల్, టేటమ్ 1941లో జన్యువుకూ ఎంజైముకూ ఉన్న లంకెను ఈ బూజులోనే పట్టుకున్నారు.

ఇందులో రెండు వర్గాలు: పెద్ద ‘ఏ’, చిన్న ‘ఏ’. సంతానం కావాలంటే రెండూ కలవాల్సిందే. అయితే మామూలుగా మేతకు పాకే పోగులు ఒకదానికొకటి అతుక్కున్నప్పుడు ఆ రెండు వర్గాలే ఎదురుపడితే, కలిసిన కణం చచ్చిపోతుంది. పెళ్ళికి తథాస్తు అన్న జన్యువే పొయ్యి కలిపేసరికి విషం పెడుతుందన్నమాట! ఇది చాలదన్నట్టు ‘హెట్’ అనే కాపలా జన్యువులు మరో పది దాకా ఉన్నాయి. వాటిలో ఒక్కటి తేడా వచ్చినా అంతే.

అలా కలిసిన కణాన్ని మొదటిసారి మైక్రోస్కోపులో చూసినప్పుడు లోపలంతా గింజలు కట్టి, పక్క గదులకు వెళ్ళే రంధ్రాలు మూసుకుపోయి ఉన్నాయి. స్లైడు పాడైందనుకుని కడిగేశాను. “అయ్యో, కడిగేశావా తల్లీ! నువ్వు వెతుకుతున్నది అదే కదా” అన్నారు మా గైడు గారు.

ఎందుకింత పట్టింపు? పోగులు కలిస్తే తిండితో పాటు వైరస్సూ దాటుతుంది. కాపలా అందుకేనని మాలో చాలామంది నమ్మకం, నాదీ అదే. చెస్ట్‌నట్ చెట్ల సంగతి చూడండి. 1904లో న్యూయార్క్‌లో కనబడిన ఒక బూజు అమెరికాలో వందల కోట్ల చెట్లను ఎండగట్టింది. ఆ బూజును నీరసపరిచే వైరస్ ఒకటుంది. బూజులో ఒకదానితో ఒకటి కలవని రకాలు తక్కువున్న ఐరోపాలో అది బాగా పాకి చెట్లు కోలుకున్నాయి. అమెరికాలో రకాలు ఎక్కువ, ప్రతిదీ తలుపు వేసుకుంది. బూజు బతికింది, చెట్టు పోయింది.

2016లో మేరీలాండ్ పరిశోధకులు ఆ తలుపు జన్యువులను ఒక్కొక్కటే తీసేసి, ఎవరితోనైనా కలిసి వైరస్‌ను అందించగల బూజును తయారుచేశారు. ఆ పేపరు చదివిన రాత్రి నేను కడిగేసిన స్లైడే గుర్తొచ్చింది.