చేతి లేపనము – దాని గుణమును పరీక్షించు విధము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పద్యమును, పాటను, నాటకమును ముచ్చటించుకొను ఈ వేదికమీద చేతికి రాచుకొను క్రీమును గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని కలము పట్టునదియు, వీణ మీటునదియు, అన్నము కలిపి బిడ్డకు పెట్టునదియు చేయియే గదా! ఆ చేయి పగిలి నెత్తురు కారినప్పుడు ఈ పనులలో ఏదియు సుఖముగా సాగదు. కావున ఈ చిన్న విషయమునకు కొంత కాలము కేటాయించుట అపరాధము కాదని నమ్ముచున్నాను.

ఇచ్చట కూడిన వారిలో అనేకులు సముద్రతీర ప్రాంతములనుండి ఉద్యోగరీత్యా ఈ ఢిల్లీ నగరమునకు వచ్చినవారు. మచిలీపట్నమునందును, కాకినాడయందును గాలిలో ఏడాది పొడవునను తేమ యుండును. ఇచ్చటి చలికాలము అట్టిది కాదు. చల్లని గాలి నీటి ఆవిరిని కొద్దిగా మాత్రమే పట్టియుంచగలదు. ఆ గాలియే గదిలోనికి వచ్చి హీటరు వేడిమికి వెచ్చబడినప్పుడు మిక్కిలి పొడిదై, దొరికిన చోటినెల్ల నీటిని పీల్చుకొన జూచును. మన చేతుల చర్మము అట్టి చోట్లలో ఒకటి. పుష్యమాసము వచ్చుసరికి వ్రేళ్ళ కణుపులు బీటలు వారును. గోళ్ళ ప్రక్కన పొర లేచును. సబ్బు తగిలినంతనే మంట పుట్టును. అప్పుడు బజారునకు పరుగెత్తి ఒక ట్యూబు కొనుక్కొందుము.

ఏది కొనవలెను? మూత తీసి పరిమళము చూచి కొనువారు కొందరు. పైనున్న బొమ్మను చూచి కొనువారు మరికొందరు. ధర హెచ్చైనచో గుణమును హెచ్చుగా నుండునని తలచువారు ఇంకను కొందరు. ఈ మూడును నమ్మదగిన కొలతలు కావు. క్రీము యొక్క మంచిచెడ్డలను దానియందు తేమను పట్టి నిలుపు పదార్థములను బట్టియే నిర్ణయింపవలెను. ఆ పదార్థముల పేర్లు డబ్బా వెనుక ముద్రింపబడియే యుండును. వానిని చదువుట ఎట్లో తెలిసికొనుటయే మన పని.

ముందుగా చర్మమును గూర్చి రెండు మాటలు. చర్మపు పైపొర నిర్జీవకణములతో కూడినది. దానిని ఇటుకగోడతో పోల్చుట శాస్త్రజ్ఞులలో వాడుక. కణములు ఇటుకలు, వాని నడుమనుండు సెరమైడులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లములు అడుసువంటివి. ఇటుకలలోపల అమైనో ఆమ్లములు, లాక్టిక్ ఆమ్లపు లవణములు, యూరియా మొదలగు చిన్న పదార్థములుండి నీటిని పట్టియుంచును. అరచేతియందు తైలగ్రంథులు బొత్తిగా లేవు. అందుచేత ముఖమునకు గల సహజమైన జిడ్డురక్షణ అరచేతికి లేదు. సబ్బు చేతికంటిన మురికిజిడ్డును, గోడలోని అడుసును వేరుగా గుర్తింపజాలదు. రెండింటిని కొంతకొంతగా కడిగివేయును. దినమునకు పది పదిహేనుసార్లు చేతులు కడుగుకొను వారి చర్మము పగులుటకు కారణమిదియే.

పొడిబారిన చర్మమునకు నూనె చాలునని చాలకాలము అందరును అనుకొనిరి. 1952లో ఇర్విన్ బ్లాంక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ విషయమును పరీక్షించెను. ఎండి పెళుసైన చర్మపు పైపొర ముక్కలను నూనెలలో నానవేసి చూడగా అవి పెళుసుగానే యుండెను. నీరు తగిలినపుడు మాత్రమే మెత్తబడెను. కావున చర్మమును మెత్తపరచునది నీరు. నూనె చేయు పని ఆ నీటిని బయటకు పోనీయకుండుట. ఈ ఒక్క సూత్రమును మనసునందుంచుకొన్నచో క్రీములను గూర్చిన ప్రకటనలలో సగము మాటలు వాటంతట అవియే రాలిపోవును.

వరిచేను సంగతి ఎరిగిన వారికి ఇది సులభముగా బోధపడును. చేనికి నీరు కావలెను. నేలలో పడిన బీటలు పూడవలెను. నీరు జారిపోకుండ గట్టు నిలువవలెను. మంచి క్రీములో ఈ మూడు పనులకును మూడు తరగతుల పదార్థములుండును.

మొదటి తరగతి నీటిని ఆకర్షించి పట్టునవి. వీనిలో గ్లిసరిన్ ముఖ్యమైనది. 1779లో షీలే అను స్వీడను రసాయనజ్ఞుడు ఆలివ్ నూనెనుండి దీనిని తీసెను. అది చవుకయైనది, చిరకాల పరీక్షకు నిలిచినది. యూరియా రెండవది. పొలమునకు చల్లు ఎరువును, దీనిని రసాయనముగా ఒక్కటియే. కాని ఎరువు బస్తాలోనిది చర్మమునకు వాడదగినది కాదు. నూటికి 5 మొదలు 10 పాళ్ళవరకు గల యూరియా తేమను నిలుపును. 20 పాళ్ళు దాటినచో మందమైన చర్మమును కరగించు గుణము దానికి హెచ్చును. అట్టివి మడమలకు తగినవి గాని పగిలిన వ్రేళ్ళకు తగినవి కావు. పుండుపడిన చోట తక్కువ పాళ్ళ యూరియా సైతము మంటపుట్టించును. సార్బిటాల్, లాక్టిక్ ఆమ్లము, సోడియం హయలురోనేట్ అనునవియు ఈ తరగతిలోనివే.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. నీటిని ఆకర్షించు పదార్థమునకు, గాలి మిక్కిలి పొడిగా నున్నప్పుడు, ఆ నీరు చర్మపు లోపొరలనుండియే రావలెను. పైన కప్పు లేనిచో అట్లు వచ్చిన నీరును ఆవిరియై పోవును. అందుచేత నీరు కలుపని గ్లిసరిన్‌ను ఒంటరిగా పూసికొనుట మంచిది కాదు. మన ఇండ్లలో పెద్దలు దానిని పన్నీటితో కలిపి వాడుట యుక్తమైన ఆచారమే. కాని ఢిల్లీ చలిలో దానిపైన నూనెగాని, జిడ్డుగాని ఒక పూత ఉండుట మేలు.

రెండవ తరగతి బీటలు పూడ్చునవి. ఇవి పొర లేచిన కణముల సందులలో చేరి చర్మమును నునుపు చేయును. షియా వెన్న, కొబ్బరినూనె, బాదంనూనె, సెటైల్ ఆల్కహాల్, స్టియరిక్ ఆమ్లము ఇట్టివి. ఆల్కహాల్ అను మాట చూచి జంకవలదు. సెటైల్, సెటియారిల్, స్టియరిల్ అను మాటలతో కలిసి వచ్చు ఆల్కహాలులు మైనమువంటి కొవ్వుపదార్థములు. చర్మమునకు మేలు చేయునవే. ‘ఆల్కహాల్ డినాట్’ అని మాత్రము జాబితా మొదట కనబడినచో అది వేగముగా ఆవిరియగు సారాయి జాతి ద్రవము; పగిలిన చేతులకు అది హితము కాదు.

మూడవ తరగతి గట్టు వేయునవి. పెట్రోలేటము, అనగా మనమందరము ఎరిగిన పెట్రోలియం జెల్లీ, వీనిలో అగ్రగణ్యము. అమెరికాలో చమురుబావులయొద్ద పనిచేయు కూలీలు యంత్రపు కడ్డీలకంటుకొను మైనమును గాయములకు రాచుకొనుట చూచి, రాబర్ట్ చీస్‌బ్రో దానిని శుద్ధిచేసి, 1872లో వ్యాసలీను అను పేరుతో పేటెంటు పొందెను. చర్మమునుండి ఆవిరియగు నీటిని నిరోధించుటలో దీనికి సాటివచ్చు నూనె లేదు. గొఱ్ఱె ఉన్నినుండి తీయు లానోలిన్, తేనెమైనము, మినరల్ ఆయిల్, డైమెథికోన్ ఈ వర్గములోనివే. లానోలిన్ కొందరికి సరిపడదు. డైమెథికోన్ జిడ్డు తక్కువగా నుండి రక్షణ నిచ్చును గనుక కాగితములు తిప్పువారికిని, కంప్యూటరు మీటలు నొక్కువారికిని పగటిపూట అనుకూలము.

ఇక లేబులు చదువు విధము. మన దేశమున 2020 సంవత్సరపు సౌందర్యసాధనముల నియమావళి ప్రకారము, నూటికి 1 పాలు మించిన పదార్థములను పరిమాణక్రమములో, ఎక్కువగా నున్నదానిని ముందుగా వ్రాయవలెను. 1 పాలును, అంతకు లోబడియు నున్నవానిని వాని తరువాత ఏ క్రమములోనైనను వ్రాయవచ్చును. 30 గ్రాములకు తక్కువైన క్రీము డబ్బాలకు ఈ నిబంధన వర్తింపదు. కావున మిక్కిలి చిన్న ట్యూబుపై జాబితా లేకున్నచో అదే క్రీము పెద్ద డబ్బాను తీసి చదువవలెను.

సాధారణముగా మొదటి పేరు ‘ఆక్వా’. అది నీరే. తరువాతి ఐదారు పేర్లలో మూడు తరగతులకు చెందినవి ఒక్కొక్కటియైనను ఉన్నవా అని చూడుడు. ఆక్వా, గ్లిసరిన్, పెట్రోలేటము, సెటియారిల్ ఆల్కహాల్, డైమెథికోన్ అని వరుసగా నున్నచో ఆ క్రీమునకు నీరును, పూడికయు, గట్టును మూడును కలవు. ఆ వరుసలో ఫినాక్సీఇథనాల్ అను పేరు కనబడునేమో గమనింపుడు. అది క్రీము చెడిపోకుండ వేయు పదార్థము. దానిని నూటికి 1 పాలుకంటె మించి వాడరాదు. కావున నియమానుసారముగా వ్రాసిన జాబితాలో దాని వెనుక వచ్చినవన్నియు 1 పాలుకు మించనివే. డబ్బా ముందు బాదంపప్పుల బొమ్మ కన్నుల పండువుగా నుండి, బాదంనూనె పేరు ఫినాక్సీఇథనాల్ వెనుక నున్నదనుకొనుడు. మీరు కొన్నది బొమ్మనే గాని నూనెను కాదు. సెరమైడులు, హయలురోనేట్ మాత్రము స్వల్పపరిమాణములో వాడునవి గనుక వానికి ఈ కొలతను కఠినముగా వర్తింపజేయరాదు.

కొల్లాజెన్ అను మాటయు పెద్ద అక్షరములతో కనబడును. దాని అణువు చర్మము లోనికి చొరలేనంత పెద్దది. అది పైన నిలిచి కొంత తేమను పట్టును. ఆ పనిని గ్లిసరిన్ స్వల్పవ్యయముతోనే చేయును. పరిమళద్రవ్యముల సంగతి వేరు. అవి తేమను నిలుపవు సరిగదా, చర్మమునకు సరిపడక దురద పుట్టించు పదార్థములలో ముఖ్యమైనవి. చేతులు పగిలినవారు పరిమళము చేర్చని క్రీమునే వాడుట శ్రేయస్కరము. వాసన తెలియని క్రీములన్నియు పరిమళము లేనివి కావు; వాసనను కప్పిపుచ్చుటకు మరియొక పరిమళమును కలుపుట కలదు. అదియు జాబితాలోనే తేలును.

ఎంత మంచి క్రీమైనను పూయు సమయము తప్పినచో సగము వృథా. చేతులను వేడినీటితో గాక గోరువెచ్చని నీటితో కడిగి, తువాలుతో రుద్దక అద్ది, తడి పూర్తిగా ఆరకమునుపే పూయవలెను. గట్టు వేయుట చేనిలో నీరున్నపుడే గదా! రాత్రి పడుకొనుటకు ముందు పెట్రోలియం జెల్లీని దట్టముగా రాచి నూలు చేదొడుగులు తొడిగికొన్నచో తెల్లవారునప్పటికి ఫలితము తెలియును. అంట్లు తోముటకు, బట్టలు ఉతుకుటకు రబ్బరు తొడుగులు వాడవలెను. కొత్త క్రీమును ముంజేతి లోపలివైపున కొలది దినములు పూసి చూచి, దద్దురు రానిచో వాడుకొనుట మేలు.

క్రీము మందు కాదు. ఒక్క అరచేయి మాత్రమే పొట్టు రాలుచు రెండవది బాగుగా నున్నచో అది శిలీంధ్రవ్యాధి కావచ్చును. చీము పట్టినను, నెత్తురు ఆగకున్నను, రెండు మూడు వారములు శ్రద్ధగా పూసినను తగ్గకున్నను వైద్యుని చూడవలెను.

సోదరులారా! ఇది అలంకారమునకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. పగిలిన చర్మము సూక్ష్మజీవులకు తెరచిన ద్వారము. చేతులు మండునని కడుగుకొనుట మానిన వానివలన వ్యాధి ఇతరులకును ప్రాకును. ఈ కారణముచేతనే ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో ప్రకటించిన చేతిశుభ్రత మార్గదర్శక సూత్రములలో వైద్యశాలల సిబ్బందికి చేతి క్రీములను సమకూర్చవలెనని చెప్పినది. ఆ సంస్థ సూచించిన చేతిశుద్ధి ద్రవములో 80 పాళ్ళు ఇథనాల్‌తోపాటు 1.45 పాళ్ళు గ్లిసరిన్ చేర్చుటయు చర్మరక్షణ కొరకే.

ఈ సందర్భమున సంఘమునకు ఒక విన్నపము చేయుచున్నాను. మన కార్యాలయములలో నేల తుడుచువారు, మరుగుదొడ్లు కడుగువారు, క్యాంటీనులో పాత్రలు తోమువారు ఈ చలిలో చన్నీళ్ళతో, ఘాటైన ద్రవములతో పనిచేయుచున్నారు. మనకంటె వారి చేతులే ముందుగా పగులును. ఖరీదైన ట్యూబును కొను స్తోమతు వారికి తక్కువ. వారికి కావలసినది పరిమళము గాని, పెద్ద పేరు గాని కాదు. ఒక డబ్బా పెట్రోలియం జెల్లీ, ఒక సీసా గ్లిసరిన్ క్రీము, ఒక జత రబ్బరు తొడుగులు. ప్రతి సంవత్సరము కార్తికమాసమునందు మన సంఘము కొలదిపాటి చందా వసూలుచేసి వానిని పంచిపెట్టినచో అది మన ఉత్సవములకు తగిన అలంకారమగును. అధికారులు అనుమతించినచో చేతులు కడుగు తొట్టివద్దనే ఒక డబ్బా ఎల్లప్పుడును ఉండునట్లు చూడవచ్చును.