ఆ కోర్టు ముందర ఎవరి పేరు?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఏ కోర్టుకు పోయినా తీర్పు ఏమొచ్చిందనే అడుగుతాం. ఆ కోర్టు ముందర ఎవరి విగ్రహం పెట్టారు, ఎవరి పేరు రాయలేదు అని అడగం. ఇవ్వాళ ఆ ప్రశ్న అడుగుదాం. అందుకోసం అమెరికాలోని ఒక చిన్న ఊరికి పోదాం.

మిసిసిపీ రాష్ట్రం, టలహాచీ కౌంటీలో సమ్నర్ అనే ఊరుంది. జనాభా నాలుగు వందలు కూడా లేదు. చుట్టూ పత్తి చేన్లు, నడుమ ఇటుకల కోర్టు భవనం. 1913లో దాని ఆవరణలో ఒక సైనికుడి విగ్రహం పెట్టారు. బానిసత్వాన్ని కాపాడుకునేందుకు దక్షిణాది రాష్ట్రాలు 1861లో దిగిన యుద్ధానికి స్మారకం అది. ఆ కౌంటీలో ఎక్కువమంది నల్లవాళ్లే. పత్తి ఏరింది వాళ్లే. కోర్టు మెట్లెక్కేముందు వాళ్లకు ఎదురయ్యేది ఆ విగ్రహం. లోపల న్యాయం ఎట్లుంటదో బయటనే చెప్పేశారన్నమాట!

1955 ఆగస్టులో షికాగో నుంచి ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాడు మిసిసిపీలోని చుట్టాలింటికి వచ్చాడు. దుకాణంలో తెల్లజాతి మహిళతో తప్పుగా ప్రవర్తించాడన్న నెపంతో ఆమె భర్త రాయ్ బ్రయంట్, అతనికి అన్న వరసయ్యే జె.డబ్ల్యు. మైలం అతన్ని రాత్రికి రాత్రి ఎత్తుకుపోయి చంపారు. పత్తి మిల్లు ఫ్యానును ముళ్లతీగతో మెడకు కట్టి నదిలో పడేశారు. తల్లి మేమీ టిల్ శవపేటిక మూత వేయనివ్వలేదు. నా బిడ్డను ఏం చేశారో లోకమంతా చూడాలన్నది. నల్లజాతి పత్రిక 'జెట్' ఆ ఫొటోలు అచ్చువేసింది.

సెప్టెంబరు 19న సమ్నర్ కోర్టులో విచారణ మొదలైంది. జ్యూరీలో పన్నెండు మంది. అందరూ తెల్ల మగవాళ్లే. ఎందుకు? జ్యూరీని ఎంచేది ఓటర్ల నుంచి. నల్లవాళ్లను ఓటర్లుగానే నమోదు కానివ్వలేదు. ఓటు లేనోడికి న్యాయంలోనూ వాటా లేదు!

పత్రికలవాళ్లం గనుక ఇంకో మాట చెప్పాలి. నల్లజాతి విలేకరులకు తెల్ల విలేకరుల సరసన చోటివ్వలేదు. పక్కకు ఒక చిన్న బల్ల వేసి కూచోబెట్టారు. ఆ బల్ల మీద రాసిన వార్తలే ఇవ్వాళ చరిత్రకు ఆధారాలయ్యాయి.

ఆ గదిలో ఎమ్మెట్ తాతవరస మోజెస్ రైట్ సాక్షిగా నిలబడ్డాడు. కౌలురైతు. చెయ్యి చాపి, పిల్లవాణ్ణి ఎత్తుకుపోయింది ఇతనేనని మైలంను చూపెట్టాడు. నల్లవాడు తెల్లవాడి మీద అట్లా వేలు చూపితే ప్రాణం పోయే రోజులవి. ఆ తర్వాత ఊరు విడిచి షికాగో పోవాల్సి వచ్చింది. జ్యూరీ మాత్రం 67 నిమిషాల్లో నిర్దోషులని తేల్చింది. 1956 జనవరిలో ఆ ఇద్దరే ఒక పత్రిక దగ్గర డబ్బు తీసుకుని, చంపింది తామేనని చెప్పుకున్నారు. ఒకసారి నిర్దోషులన్నాక అదే నేరానికి మళ్లీ విచారించే వీల్లేదు. ఆ హత్యకు శిక్ష పడకుండానే బతికారు.

మరి కోర్టు ఆవరణ? యాభై ఏళ్లు నోరు విప్పలేదు. కౌంటీ పాలకమండలికి తొలి నల్లజాతి అధ్యక్షుడైన జెరోమ్ లిటిల్ చొరవతో ఒక కమిషన్ ఏర్పడింది. అందులో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూచున్నారు. 2007 అక్టోబరు 2న అదే కోర్టు ముందర టిల్ కుటుంబానికి క్షమాపణ చెప్పారు. ఆ విగ్రహమున్న ఆవరణలోనే విచారణ కథ చెప్పే ఫలకం లేచింది. కోర్టు గదిని 1955లో ఉన్నట్టుగా బాగుచేశారు. 2023లో ఆ భవనం జాతీయ స్మారకంలో భాగమైంది.

అంతా అయిపోయిందా? లేదు. శవం దొరికిందంటున్న చోట నదీతీరాన పెట్టిన ఫలకాన్ని ఎత్తుకుపోయారు, మళ్లీ పెడితే తూటాలు కొట్టారు. చివరికి 2019లో తూటా దిగని ఫలకం పెట్టాల్సి వచ్చింది. నిజమంటే ఇంకా అంత భయం!

మిత్రులారా! తప్పుడు తీర్పును ఎవరూ తిరగరాయలేకపోయారు. కానీ అది తప్పుడు తీర్పని ఆ గడ్డమీదనే రాయగలిగారు. దానికి 52 ఏళ్లు పట్టింది. మోజెస్ రైట్ ఆనాడు చెయ్యి ఎత్తకుంటే రాయడానికి ఏమీ మిగిలేది కాదు. సాక్ష్యం చెప్పేవాడు ఓడిపోవచ్చు. సాక్ష్యం ఓడిపోదు.