చెరువు నిండితే నీళ్లు ఎటు పోతాయి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"పది నిమిషాలు మాట్లాడు, బడి జ్ఞాపకాలు మాత్రం వద్దు, అవి అందరూ చెప్తరు" అన్నారు నిర్వాహకులు. నేను సివిల్ ఇంజనీరును. నాకు తెలిసింది మట్టి, నీళ్లు, సిమెంటు. అందుకని మన సరూర్‌నగర్ చెరువు గురించి, దాని పక్కన పెరిగిన మన ఊళ్ల గురించి, వాటిని ఎవరెవరు పాలించారన్న దాని గురించి చెబుతాను. చివర్లో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

జ్ఞాపకాలు వద్దన్నా ఒకటి తప్పదు. తొమ్మిదో తరగతిలో సోషల్ సార్ ఊరి పటం గీసుకొని రమ్మన్నారు. నేను విజయవాడ రోడ్డు గీశాను, విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం పెట్టాను, మా గల్లీ పెట్టాను, చెరువుకు నీలం రంగు నింపాను. సార్ చూసి, "మంచిగుందిరా. చెరువు నిండితే నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగారు. నా పటంలో నీళ్లకు దారి లేదు. పదికి ఆరు మార్కులు వేశారు.

ఈ చెరువును 1626లో, కుతుబ్‌షాహీల కాలంలో కట్టించారని చెబుతారు. పొలాలకు, తాగడానికి అదే ఆధారం. తర్వాత నిజాం అలీఖాన్ దగ్గర దివానుగా ఉన్న అరస్తూ జా, సురూర్ అఫ్జా అనే ఆవిడ కోసం ఇక్కడ తోట, మహలు కట్టించాడనీ, ఆమె పేరే సరూర్‌నగర్ అయిందనీ అంటారు. 1901లో విక్టోరియా రాణి చనిపోయాక, ఆమె పేరుతో పెట్టిన అనాథాశ్రమానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇక్కడి రాజభవనాన్నే ఇచ్చాడు. ఇవాళ మనం మెట్రోలో 'విక్టోరియా మెమోరియల్' స్టేషన్ అని వింటున్నది ఆ పేరే.

పాలన సంగతి చూద్దాం. నిజాం కాలంలో హైదరాబాదు చుట్టూ ఉన్న జిల్లా పేరు అత్రాఫ్-ఎ-బల్దా. అది నిజాం సొంత ఖజానాకు చెందిన సర్ఫెఖాస్ ఇలాకా. తెలంగాణ ఊళ్లలో మాలీపటేల్ శిస్తు చూసేవాడు, పోలీసుపటేల్ తగవులు చూసేవాడు, పట్వారీ లెక్కలు రాసేవాడు. చెరువుకు మాత్రం నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ పొలానికి ఎంతసేపు నీళ్లు వదలాలి, మత్తడి దూకే ముందు ఎవరికి కేకేయాలి, అంతా అతనికే తెలుసు. చదువుకున్నవాడు కాదు. కానీ చెరువు నిండితే నీళ్లు ఎటు పోతాయని అడిగితే చెప్పగల మనిషి ఊరికి ఒకడు ఉండేవాడు.

1948 తర్వాత సర్ఫెఖాస్ పోయింది, మనం హైదరాబాదు జిల్లా అయ్యాం. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది, మనం అందులోకి వెళ్లాం. 1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. 1985లో, అంటే మేము పది రాసిన ఏడాదే, మండలాలు వచ్చాయి. మన మండలం సరూర్‌నగర్. మరుసటి ఏడు మొజంజాహీ మార్కెట్ నుంచి పండ్ల మార్కెట్ కొత్తపేటకు వచ్చింది. మామిడికాయల సీజన్‌లో లారీలు మన రోడ్డును ఎట్లా ఆపేసేవో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత గడ్డిఅన్నారం ఒక మున్సిపాలిటీ, ఎల్.బి.నగర్ ఇంకో మున్సిపాలిటీ. 2007 ఏప్రిల్ 16న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు హైదరాబాదులో కలిసి జీహెచ్‌ఎంసీ అయింది.

మంచి మార్పులే. పటేల్, పట్వారీల పెత్తనం పోవాల్సిందే. కానీ వాళ్లతో పాటు నీరటి కూడా కనుమరుగయ్యాడు. అతని పని ఎవరికి అప్పగించారో వెతికితే, ఒక్క మనిషి దొరకడు. చెరువు కట్ట, తూములు నీటిపారుదల శాఖవి. శిఖం భూమి రికార్డులు రెవెన్యూ వాళ్లవి. నిండు నీటి హద్దు నిర్ణయం హెచ్‌ఎండీఏ చూస్తుంది. నాలాలు నగరపాలక సంస్థవి, మురుగు పైపులు జలమండలివి, నీటి నాణ్యత పరీక్షలు కాలుష్య నియంత్రణ మండలివి. 2024 నుంచి ఆక్రమణలకు హైడ్రా వచ్చింది. ఎవరి ఫైలు వాళ్ల దగ్గర సరిగ్గానే ఉండొచ్చు. నీళ్లకు మాత్రం ఫైళ్లు తెలియవు, వాలు తెలుసు. మీర్‌పేట వైపు చెరువులు నిండితే ఆ నీళ్లు మన చెరువుకే వస్తాయి. మీర్‌పేట 2019లో సొంత కార్పొరేషన్ అయింది. అంటే 2025 దాకా పైన నీళ్లు వదిలే ఊరికి ఒక పాలన, కింద మునిగే బస్తీకి ఇంకో పాలన ఉండేవి.

ఇదొక్క మనకే వచ్చిన చిక్కు కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు, ఎగువన రెండు వందలకు పైగా చెరువు కట్టలు తెగడం ఆ ఉపద్రవానికి ఒక పెద్ద కారణం. అప్పుడు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన నగరం ఒక్కదాన్నే చూడలేదు, పై నుంచి నది పరీవాహకమంతా లెక్కలోకి తీసుకున్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. నెదర్లాండ్స్‌లో నీళ్ల కోసమే వేరే మండళ్లున్నాయి, కొన్ని 13వ శతాబ్దం నాటివి. వాటికి ఎన్నికలుంటాయి, పన్ను వేసే హక్కుంటుంది. ముఖ్యంగా వాటి హద్దులు నీళ్ల దారిని బట్టి ఉంటాయి. 2003-04 ప్రాంతంలో హుడా మన చెరువును బాగుచేసింది ఆ దేశం సాయంతో నడిచిన హరిత హైదరాబాదు కార్యక్రమంలోనే. డబ్బు తెచ్చుకున్నాం, మండలి పద్ధతి మాత్రం తెచ్చుకోలేదు.

ఇక నా తప్పు. 1990ల మధ్యలో, ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, చెరువు దిగువన ఒక లేఅవుట్‌కు వాననీటి కాలువ డిజైన్ నా చేతికి వచ్చింది. పాత గ్రామ నక్షాలో అక్కడ వాగు వెడల్పుగానే ఉంది. నేను వెళ్లింది ఎండాకాలం, కంటికి కనబడింది పిల్ల కాలువ. కాలనీలో పడే వానకు సరిపోయే పైపు లెక్క కట్టి సంతకం పెట్టాను. పైన మత్తడి దూకితే వచ్చే నీళ్లను లెక్కలో వేయలేదు. నన్నెవరూ ఒత్తిడి చేయలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అడగాల్సిన ప్రశ్న నేనే అడగలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి మీ అందరికీ గుర్తుంది. నగరంలో చాలాచోట్ల 20 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వాన, ఘట్‌కేసర్ వైపు 30 దాటింది. ఒక చదరపు కిలోమీటరు మీద 20 సెంటీమీటర్ల వాన పడితే 20 కోట్ల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు 20 వేలు. ఒక ఎకరం చెరువును పూడిస్తే, మీటరు లోతుకు 40 లక్షల లీటర్లు పట్టే చోటు పోయినట్టు. ఆ నీళ్లు ఎక్కడో ఒక చోట నిలవాలి కదా. కోదండరాంనగర్, సీసాల బస్తీ ఇళ్లలో నిలిచాయి.

నా క్లాసు దోస్తు ఒకడు నేను పైపు వేయించిన కాలనీలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఆ రాత్రి వాళ్లమ్మను నడుము లోతు నీళ్లలో మంచంతో సహా ఎత్తి మేడ మీదికి చేర్చారు. నేను దుప్పట్లు తీసుకొని వెళ్తే, "గీ పైపు ఎవడు వేయించిండో గని" అన్నాడు. నేను నోరెత్తలేదు. చెప్పడానికి నెల పట్టింది. విని చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "సార్ నీకు ఆరు మార్కులు ఎక్కువనే ఏసిండు" అన్నాడు. వాడు ఇవాళ ముందు వరుసలో కూర్చున్నాడు. ఈ సంగతి చెప్పడానికి వాడి అనుమతి తీసుకున్నాను.

ఆ వరద తర్వాత మన వైపు నాలాలకు పెద్ద పెట్టె కాలువల పనులు జరిగాయి. మంచిదే. కానీ కాలువ కట్టడం ఒక్కసారి పని, దాన్ని చూసుకోవడం ఏటేటా పని. అందుకని మన సంఘానికి మూడు మనవులు.

ఒకటి, తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా ఊరి పటం గీయాలి, అందులో నీళ్ల దారి తప్పనిసరిగా ఉండాలి. రెండు, మనలో ఇంజనీర్లం ఇరవై మందికి తక్కువ లేము. రోహిణి కార్తె ముగిసేలోపు ఒక ఆదివారం చెరువు మత్తడి నుంచి మూసీ దాకా నడిచి, ఎక్కడ పూడిందో, ఎక్కడ ఇరుకైందో ఒక్క పేజీలో రాసి, పైన చెప్పిన శాఖలన్నిటికీ ఒకే కాగితం ఇద్దాం. మూడు, ఇల్లు కొనే ప్రతి పూర్వ విద్యార్థికీ పాత నక్షా చూసిపెడదాం. పది హెక్టార్లు దాటిన చెరువుకు నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు ఖాళీ వదలాలని 2012 భవన నిబంధనల్లో ఉంది. చాలామంది అది రిజిస్ట్రేషన్ అయ్యాక తెలుసుకుంటున్నారు.

మొదటి నడకకు పటం నేను తయారుచేస్తాను. నీళ్ల దారి ఈసారి మరిచిపోను. సార్, మీరు దిద్ది మార్కులు వేయాలి.