జడ బ్రెడ్డు: మా సంఘం మొదటి ప్రయత్నం

ఈ ఏడాది మేము చేసిన ఒక కొత్త పని గురించి నాలుగు మాటలు చెబుతాము.

మా సంఘంలో పదిమందిమి ఉన్నాము. రెండేళ్ల కిందట అప్పు తీసుకుని ఓటీజీ ఓవెను కొన్నాము. బిస్కెట్లు, కేకులు చేస్తాము. క్రిస్మస్‌కు, జనవరి ఒకటికి చేతినిండా పని. ఆ తర్వాత ఓవెను మీద గుడ్డ కప్పి ఉంచడమే. వాయిదా 1,200 మాత్రం నెల నెలా కట్టాలి కదా. కేకు పండగకు కొంటారు, బ్రెడ్డయితే వారం వారం కొంటారు. కానీ మామూలు బ్రెడ్డు చేస్తే పెద్ద బేకరీల ధరకు మనం నిలబడలేము. మనది వేరుగా ఉండాలని మీటింగులో మాట వచ్చింది.

అప్పుడు మా సంఘంలో ఒక అక్క నోరు విప్పింది. ఆమె కువైట్‌లో ఆరేళ్లు ఇంటిపని చేసి వచ్చింది. "పిండిని జడలా అల్లి కాలుస్తారు. ఆ ఇంట్లో నా చేతులతోనే చేసేదాన్ని" అన్నది. పరాయి దేశంలో పనిమనిషిగా ఉండి వచ్చిందని ఊళ్లో చులకనగా మాట్లాడేవాళ్లు ఉన్నారు. అందుకే అక్కడి సంగతులు ఆమె ఎవరికీ చెప్పేది కాదు. ఆ రోజు మాత్రం చెప్పింది, మేము విన్నాము.

ఈ బ్రెడ్డు చాలా దేశాల్లో ఉంది. యూదులు శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనానికి ఇలాంటిది పెట్టుకుంటారు, హల్లా అంటారు. స్విట్జర్లాండులో ఆదివారం పొద్దున తింటారు. వాళ్లు పిలిచే పేరుకు అర్థమే జడ. ఇక జడ అల్లడం మనకు ఎవరు నేర్పాలి?

మొదటిసారి చేసిన కొలతలు రాసుకోండి. మైదా అరకిలో, చక్కెర 50 గ్రాములు, ఉప్పు రెండు చిన్న చెంచాలకు కొంచెం తక్కువ, ఇన్‌స్టంట్ ఈస్టు 7 గ్రాములు, గుడ్లు రెండు, నూనె 60 మిల్లీలీటర్లు, గోరువెచ్చని నీళ్లు 200 మిల్లీలీటర్లకు లోపు. నీళ్లు ఒక్కసారే పోయకుండా చూసుకుంటూ పోయాలి. పది, పన్నెండు నిమిషాలు బాగా పిసకాలి. పిండి సాగదీస్తే తెగకుండా పల్చని పొరలా రావాలి. మూతపెట్టి రెండింతలు అయ్యేదాకా ఉంచాలి. మే నెల ఎండలో ఇది ముప్పావు గంటలోనే పొంగుతుంది, చలికాలంలో గంటన్నర పట్టొచ్చు. గడియారాన్ని కాదు, పిండిని చూడాలి.

ఈ పిండితో రెండు బ్రెడ్లు అవుతాయి. ఒక్కోదానికి మూడు పాయలు, తూకం వేసి సమానంగా తీసుకోవాలి. కావాలనే ఒకటి బిగించి, ఒకటి వదులుగా అల్లి చూశాము. బిగించింది ఓవెన్లో పొంగడానికి చోటు లేక పక్కన చిట్లింది. వదులుగా అల్లింది చక్కగా నిలబడింది. తలకు వేసే జడకూ దీనికీ తేడా అదే. కొసలు నొక్కి కిందకు మడవాలి. ఇంకో ముప్పావు గంట పొంగనిచ్చి, పైన గుడ్డుసొన పూసి, నువ్వులు చల్లి, 180 డిగ్రీల వేడిలో అరగంట కాల్చాలి. అడుగున తడితే డొల్ల చప్పుడు వస్తే ఉడికినట్టు.

ఇప్పుడు లెక్క. 400 గ్రాముల బ్రెడ్డుకు సరుకు, కరెంటు, కవరు కలిపి 45 రూపాయలు పడింది. 90కి అమ్ముతున్నాము. శనివారం శనివారం ఎనిమిది పోతున్నాయి. మిగిలేది 360. అందులో సగం వాయిదాకు, సగం ఆ రోజు పనిచేసిన ఇద్దరికి. నెలకు 720 వాయిదాకు జమ అవుతున్నాయి, అంటే సగం పైనే. చేతికూలి లెక్కలో రాయకపోతే లాభం ఉన్నట్టే కనిపిస్తుంది, మన ఒళ్లు మాత్రం అరిగిపోతుంది. అందుకే కూలి ముందే రాస్తున్నాము.

పెద్ద ఓవెనుకు ఇంకో అప్పు తీసుకుందామని కొందరు అడిగారు. రెండు మీటింగులు గట్టిగానే వాదించుకున్నాము. వారానికి ఇరవై ఆర్డర్లు వరుసగా మూడు నెలలు వస్తేనే అప్పు మాట ఎత్తాలని తీర్మానం రాసి అందరం సంతకాలు పెట్టాము. ఆర్డరు చూసి అప్పు చెయ్యాలి గానీ, అప్పు చేసి ఆర్డరు కోసం ఎదురుచూడకూడదు.

ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి. గుడ్డు వేస్తాము కాబట్టి మాంసాహారం గుర్తు కూడా తప్పదు. గుడ్డు తినని వాళ్లు నమ్మి కొంటారు, వాళ్ల నమ్మకం చెడకూడదు.

ఇప్పుడు కువైట్ అక్క దగ్గర ముగ్గురు చెల్లెళ్లు నేర్చుకుంటున్నారు. ఆమెను ఊళ్లో బ్రెడ్డు అక్క అంటున్నారు. మీ సంఘాల్లో కూడా ఎక్కడెక్కడో పనిచేసి వచ్చిన వాళ్లు ఉంటారు. వాళ్లకు ఏం వచ్చో ఒక మీటింగులో వరుసగా అడిగి పుస్తకంలో రాయండి. నేర్చుకోవాలనుకున్న వాళ్లు ఏ శనివారమైనా మా ఊరు రండి, పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాము.