రావద్దన్నవాళ్ళని కాయితం అడగండి



తెనాలి, బాపట్ల, రేపల్లెలో మన పిల్లల్ని కూర్చోబెట్టుకొని మాట్లాడిన మాటలివి. మూడు చోట్లా "అన్నా, ఇది రాసి పెట్టు" అన్నారు. మాట్లాడింది మాట్లాడినట్టే పెడుతున్నా, అక్కడక్కడా కొంచెం సర్దాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ ఊరికి దగ్గర్లో ఉన్న లైబ్రరీ లోపలికి మీలో ఎంతమంది వెళ్ళారు? ఇదే ప్రశ్న మూడు ఊళ్ళలో అడిగాను. అన్నీ కలిపినా పది చేతులు లేవలేదు. ఎందుకు వెళ్ళలేదురా అంటే రేపల్లెలో ఒక పిల్లాడు అన్నాడు: "మనల్ని రానిస్తారా అన్నా?"

రానిస్తారా అని అడిగి వెళ్ళే చోటు కాదది. అది ప్రజల డబ్బుతో నడిచే గ్రంథాలయం. కానీ ఆ పిల్లాడి ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. నన్నూ ఒకసారి రావద్దన్నారు. ముందు ఆ సంగతి చెప్తా.

మాది కాలవ కట్ట మీద యానాది పేట. మా నాయన చేలల్లో ఎలకలు పట్టేవాడు, తర్వాత రొయ్యల చెరువు కాపలాకి కుదిరాడు. అమ్మ పీతలు, చేపలు అమ్మేది. నేను డిగ్రీలో ఉన్నప్పుడు పోటీ పరీక్షల పుస్తకాలు కొనే స్తోమత లేదు. అందుకని లైబ్రరీకి పోయేవాణ్ణి. ఏ ఊరి లైబ్రరీ అన్నది చెప్పను. ఆ ఒక్క ఊరి మీద కోపం తీర్చుకోవడానికి కాదు ఈ మాటలు.

మొదటి ఆరు నెలలు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే నేనూ ఏమీ అనలేదు. రిజిస్టర్లో సంతకం పెట్టి, ఒక మూల కుర్చీలో కూర్చొని, చదువుకొని వచ్చేవాణ్ణి. తర్వాత మా పేట పిల్లల్ని నలుగురిని వెంట తీసుకెళ్ళడం మొదలెట్టా. బొమ్మల పుస్తకాలు చూస్తారు, పేపరు కూడబలుక్కొని చదువుతారు. అందులో ఒక చెల్లెలు తొమ్మిదో తరగతి. ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదిలేది కాదు.

ఒకరోజు పేపరు చదువుకునే పెద్దాయన ఒకాయన పిల్లల్ని కుర్చీల్లోంచి లేపాడు. నీచు వాసన వస్తోందంట. కింద కూర్చోమన్నాడు. పిల్లలు నా వైపు చూశారు. అక్కడ పనిచేసేవాళ్ళు విని కూడా విననట్టు ఉన్నారు.

ఆ రోజు బల్ల మీద ఉన్న సూచనల పుస్తకం తీసుకొని రాశా. మా పిల్లల్ని కుర్చీల్లోంచి లేపారని రాశా. ఇన్ని బీరువాలు ఉన్నా యానాదుల మీద, ఎరుకల మీద ఒక్క పుస్తకమన్నా కనపడలేదు, తెప్పించండి అని రాశా. కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు. తిట్టు ఒక్కటి లేదు అందులో.

రెండు రోజుల తర్వాత వెళ్తే ఆ పేజీ లేదు. "ఇంక నువ్విక్కడికి రావద్దు. గొడవలు పెట్టేవాళ్ళకి చోటు లేదు" అన్నారు. "రాసివ్వండి సార్" అన్నా. "నీకు కాయితం కూడానా?" అని నవ్వారు. అందరూ చూస్తున్నారు. నేను చెప్పులు వేసుకొని వచ్చేశా.

ఇప్పుడు చెప్పేది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎనిమిది నెలలు ఆ వీధిలోకి కూడా పోలేదు నేను. ఎవరికీ చెప్పలేదు. పిల్లలు అడిగితే "లైబ్రరీకి రంగులేస్తున్నార్రా" అని అబద్ధం చెప్పా.

ఆ ఎనిమిది నెలల్లో నాకు అర్థమైంది ఒకటే. మనం నోరు మూసుకున్నంత కాలం ఎక్కడైనా కూర్చోనిస్తారు. నోరు తెరిచిన రోజునే తెలుస్తుంది, ఇన్నాళ్ళూ కూర్చున్నది హక్కుతోనా, వాళ్ళ దయతోనా అని.

కొంతమంది అంటారు, "లైబ్రరీకి రానీయకపోతే భావప్రకటనా స్వేచ్ఛ పోయినట్టా? నీ ఫోన్లో రాసుకో, మైకు పట్టుకొని మాట్లాడుకో" అని. రాజ్యాంగం 19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో సమాచారం తెలుసుకునే హక్కు కూడా ఉందని సుప్రీంకోర్టు 1995లో, క్రికెట్ ప్రసారాల మీద వచ్చిన కేసులో చెప్పింది. తెలుసుకోనివాడు ఏం మాట్లాడతాడు? మన భూమి సర్వే నంబరు ఏంది, మన కులపత్రం ఎవరివ్వాలి, మన తాతల్ని ఏ చట్టం కింద కట్టేశారు, ఇవన్నీ చదివితేనే కదా నోరు లేచేది. నా విషయంలో రెండూ ఒకేసారి పోయాయి. రాసినందుకు చదువుకునే చోటు పోయింది.

బాపట్లలో మాట్లాడినప్పుడు స్టూవర్టుపురం మాట ఎత్తక తప్పలేదు. పక్కనే ఉంది కదా. 1913లో మన ఎరుకల వాళ్ళని తెచ్చి అక్కడ సెటిల్మెంట్ పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ నడిపింది. స్టూవర్ట్ అనే తెల్లదొర పేరు పెట్టారు. నేరం చేశాడా లేదా అని చూడలేదు, పుట్టుకతోనే నేరస్తుడన్నారు. హాజరు పలకాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకి, 1952లో గానీ ఆ క్రిమినల్ ట్రైబ్స్ చట్టం దేశమంతటా పోలేదు. నేరస్తుల తెగలని చేతికి దొరికిన ప్రతి పుస్తకంలో, పేపర్లో మన గురించి రాసినవాళ్ళు వేరేవాళ్ళు. మన మాట మనం రాద్దామంటే పేజీ చింపేస్తున్నారు.

ఒక తేడా గమనించండి. తెల్లవాడు అన్యాయమే చేశాడు, కానీ కాయితం మీద చేశాడు. చట్టం ఉంది, రిజిస్టరు ఉంది, చీటీ ఉంది. అందుకే దాన్ని చూపించి కొట్లాడి రద్దు చేయించగలిగారు. పుస్తకాల నిషేధాలూ అంతే. గుంటూరు జిల్లా ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో కూర్చొని 'మాలపల్లి' రాశారు. దళితుల బతుకు మీద నవల. మద్రాసు ప్రభుత్వం దాన్ని రెండుసార్లు నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక నిషేధం ఎత్తేశారు. పుస్తకాన్ని ఆపితే ఉత్తర్వు ఉంటుంది, ఎత్తేయమని అడగొచ్చు. మన లాంటివాళ్ళని ఆపితే ఏ ఉత్తర్వూ ఉండదు. ఒక మాట, ఒక నవ్వు. అంతే. లేని ఉత్తర్వుని ఎవడు రద్దు చేస్తాడు?

తెనాలిలో ఒక మాస్టారు లేచి, "మన ప్రాంతం గ్రంథాలయోద్యమానికి పుట్టిల్లు బాబూ, అలా తీసిపారేయకు" అన్నారు. తీసిపారేయడం లేదు మాస్టారూ. ఆ చరిత్ర మనకే ఎక్కువ కావాలి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు వాళ్ళు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ పెట్టారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది, 1929లో గాంధీ గారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అన్నిటికంటే నాకు నచ్చింది పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణం గారు తెనాలి, కొల్లూరు ప్రాంతపు కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపించారు. మనిషి పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే మనిషి దగ్గరికి పోవాలి అనుకున్నారు. ఆ కాలవ కట్టల మీదే ఇయ్యాల మన గుడిసెలున్నాయి. పడవలో పుస్తకం పంపిన ప్రాంతంలో, నడిచి వచ్చిన పిల్లని కుర్చీలోంచి లేపారు. ఎవరిది తప్పు? ఉద్యమానిది కాదు. దాన్ని మర్చిపోయినవాళ్ళది.

అమెరికా సంగతి ఒకటి చెప్తా. 1964లో లూసియానా రాష్ట్రంలో క్లింటన్ అనే ఊళ్ళో హెన్రీ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడు నలుగురు స్నేహితులతో లైబ్రరీకి పోయి ఒక పుస్తకం అడిగాడు. నల్లవాళ్ళ చరిత్ర మీద పుస్తకం. లేదు, తెప్పించి పంపిస్తాం అన్నారు. ఐదుగురూ బయటికి పోలేదు. అరవలేదు, కొట్టలేదు, ఊరికే అక్కడ ఉండిపోయారు. పది పదిహేను నిమిషాల్లో పోలీసులొచ్చి అరెస్టు చేశారు. అక్కడ పుస్తకాల బస్సులు రెండు నడిచేవి. తెల్లవాళ్ళకి ఎర్ర బస్సు, నల్లవాళ్ళకి నీలం బస్సు. ఆ పుస్తకం తర్వాత పోస్టులో పంపారు, తిరిగిచ్చేటప్పుడు పోస్టులోనో నీలం బస్సులోనో ఇవ్వాలన్నారు. అంటే భవనంలోకి మాత్రం రావద్దు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. నోరెత్తకుండా లైబ్రరీలో నిలబడటం కూడా నిరసనే, అది వాళ్ళ హక్కే అంది.

మన పడవ, వాళ్ళ నీలం బస్సు, రెండూ పుస్తకాలు మోసినవే. ఒకటి రాలేనివాళ్ళ కోసం పోయింది. ఇంకొకటి వీళ్ళు రాకుండా ఉండటం కోసం తిరిగింది. రేపు ఎవరన్నా వచ్చి "మీ పేటకే నాలుగు పుస్తకాలు పంపిస్తాం, మీరు ఊళ్ళోకి రానక్కర్లేదు" అంటే, అది పడవా, నీలం బస్సా అని అడగండి.

లైబ్రరీకి నియమాలు ఉండొద్దని నేను అనట్లేదు. గట్టిగా మాట్లాడొద్దు, పుస్తకం చింపొద్దు, సరైనవే. కానీ నియమం గోడ మీద రాసి ఉండాలి, అందరికీ ఒకటే ఉండాలి. పేజీ చింపింది ఎవరో, బయటికి పంపింది ఎవరినో నేను చూశాను.

ఎనిమిది నెలల తర్వాత ఏం జరిగిందంటే, సంఘంలో ఒక అక్క అడిగింది: "నిన్ను ఆపిన కాయితం ఏదిరా?" లేదన్నా. "లేకపోతే ఆపనట్టే కదా, అడుగు" అంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టా. నన్ను రావద్దన్న ఉత్తర్వు కాపీ ఇవ్వండి, ఏ నియమం కింద ఇచ్చారో చెప్పండి, సూచనల పుస్తకంలో నా పేజీ కాపీ ఇవ్వండి. మూడే ప్రశ్నలు. అలాంటి ఉత్తర్వేదీ లేదని జవాబు వచ్చింది. పేజీ గురించి ఒక్క ముక్క లేదు. ఆ కాయితం జేబులో పెట్టుకొని వెళ్ళి, రిజిస్టర్లో సంతకం పెట్టి, అదే కుర్చీలో కూర్చున్నా. ఎవరూ ఏమీ అనలేదు.

గెలిచానని చప్పట్లు కొట్టొద్దు. నాతో వచ్చిన నలుగురిలో ఇద్దరే మళ్ళీ వచ్చారు. ఆ చెల్లెలు రాలేదు. అప్పటికే బడి మానేసి రొయ్యలు వలిచే షెడ్డుకి పోతోంది. నేను అబద్ధం చెప్పకుండా ఆ రోజే అడిగి ఉంటే ఆగేదా? తెలియదు. కానీ ఆ ఎనిమిది నెలలు ఆ పిల్లకి తిరిగి ఎవరిస్తారు? అందుకే మీరు నాలాగా ఆలస్యం చేయొద్దు.

రావద్దు అంటే ఇలా చేయండి.

ఒకటి. గొంతు పెంచకుండా "రాసివ్వండి" అనండి. ఇవ్వకపోతే తేదీ, టైము, ఏం అన్నారు, పక్కన ఎవరున్నారు, అదే రోజు రాసి పెట్టుకోండి.

రెండు. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి అర్జీ ఇవ్వండి. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.

మూడు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్న పేదలు దాని రుజువు కాపీ జత చేస్తే ఫీజు అక్కర్లేదు.

నాలుగు. చట్టం తెలుసుకోండి. ప్రభుత్వ డబ్బుతో నడిచే ప్రజల చోట్లలో కులాన్ని బట్టి అడ్డు పెట్టకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్తుంది. ఎస్టీ అని ఎవరన్నా మనల్ని అలాంటి చోటికి రానీయకపోతే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1) కింద నేరం. ఆ రోజు నాకిది తెలియదు.

ఐదు. ఒక్కళ్ళే పోవద్దు. ఇద్దరో ముగ్గురో కలిసి పోండి. అడిగేవాడి పక్కన చూసేవాడు ఉండాలి.

"మేం ఇంటి పన్నే కట్టం కదన్నా, మా గుడిసెకి పట్టానే లేదు" అని ఒక తమ్ముడు అన్నాడు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల సెస్సు అన్నది నిజమే. కానీ పన్ను రసీదు ఉన్నవాడికే పుస్తకం అని 1960 గ్రంథాలయాల చట్టంలో లేదు. పట్టా లేకపోవడం మన తప్పు కాదు. దాని కోసం కూడా కొట్లాడదాం. అది వచ్చేదాకా చదవకుండా ఆగొద్దు.

చివరిగా ఒక్క పని అడుగుతా. ఇది చదివినవాళ్ళు ఈ వారం మీ దగ్గర్లోని లైబ్రరీకి వెళ్ళండి. రిజిస్టర్లో మీ పేరు, మీ పేట పేరు పూర్తిగా రాయండి. దాచుకోవద్దు. సూచనల పుస్తకం అడగండి. మన జనం మీద, మన భాషల మీద పుస్తకాలు తెప్పించమని రాయండి. రాసిన పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

నేను అప్పట్లో ఫొటో తీసుకోలేదు. అందుకే చెప్తున్నా.

జై ఆదివాసీ!