ఉద్యోగమొకటి, వ్యాసంగమొకటి

ఉద్యోగము చేయుచు కలము పట్టినవారు మన తెలుగునాట కొత్త కాదు. కాకినాడ కళాశాలలో రసాయనశాస్త్రము బోధించిన పాలగుమ్మి పద్మరాజుగారు కథకులుగా దేశాంతరఖ్యాతి నొందిరి. విశాఖపట్టణమున న్యాయవాదవృత్తి నవలంబించిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు కచ్చేరీలో తాము చూచిన మనుష్యులనే కథలలోనికి నడిపించుకొని వచ్చిరి. జీతమిచ్చు పని ఒకటి, మనస్సునకు తృప్తినిచ్చు పని ఇంకొకటి. ఈ రెండును ఒక్క మనిషియందు ఎట్లు ఇముడును? ఆ పాతప్రశ్న నేడు కంప్యూటరు కార్యాలయములకును వచ్చినది. పగలు సంస్థలకు పనిచేయుచు, కొందరు పదిమందిపై పెత్తనము వహించుచు, తీరికవేళల వ్యాసములు వ్రాయువారును, వ్యంగ్యచిత్రములు గీచి అంతర్జాలమున ప్రకటించువారును బయలుదేరినారు. ఇట్టి జంటబ్రతుకు బ్రతికిన ముగ్గురి అనుభవములను మనవిచేయదలచినాము.

మొదటివాడు స్కాట్ ఆడమ్స్. అమెరికా పశ్చిమతీరమున పసిఫిక్ బెల్ అను టెలిఫోను సంస్థలో ఉద్యోగి. 1989లో ఆయన గీచిన ‘డిల్బర్ట్’ బొమ్మలు పత్రికల కెక్కినవి. అయినను 1995 వరకు ఆయన ఉద్యోగము విడువలేదు. వేకువనే లేచి బొమ్మ గీచి, పిదప కార్యాలయమునకు పోయెడివాడు. 1993లో తన ఈమెయిలు చిరునామాను బొమ్మల నడుమనే అచ్చువేయించెను. అంతట ఉద్యోగులు తమ తమ పైఅధికారుల వింతలను ఆయనకు వ్రాయసాగిరి. ఒక కార్యాలయమును చూచి గీచినది అన్ని కార్యాలయములకు అద్దమైనది. తుదకు వ్యాసంగము పెరిగి ఉద్యోగమును మ్రింగివేసినది. ఆ ఆదరము మాత్రము కడవరకు నిలువలేదు. నల్లజాతివారిని గూర్చి ఆయన పలికిన మాటలకు 2023లో అనేక పత్రికలు ఆ బొమ్మలను మానివేసినవి.

జోయెల్ స్పోల్‌స్కీ మార్గము వేరు. 1991లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, ఎక్సెల్ తయారీలో ప్రోగ్రామ్ మేనేజరుగా పనిచేసినవాడు. 2000లో న్యూయార్కున సొంతసంస్థను స్థాపించి, ఆ యేడే వ్యాసములు వ్రాసి అంతర్జాలమున ఉంచుటకు మొదలిడెను. వానిలో 12 ప్రశ్నల పట్టిక ఎన్నదగినది. సంస్థ పనితనమును ‘అవును’, ‘కాదు’ అను జవాబులతోనే తూచు త్రాసు అది. పనివారికి నిశ్శబ్దమైన చోటు కలదా? కొత్త కోడు వ్రాయుటకు ముందు పాత తప్పులను దిద్దుచున్నారా? అంట్లు తోమకయే మరల వంటకు పూనుకొను ఇల్లు ఎట్లుండునో మనమెరుగుదుము. ఆ వ్యాసముల పాఠకులే 2008లో ఆయన జెఫ్ అట్‌వుడ్‌తో కలసి స్థాపించిన స్టాక్ ఓవర్‌ఫ్లోకు తొలి ఆదరువైరి. ఇచ్చట వ్యాసంగము ఉద్యోగమునకు ఎరువైనది.

మూడవవాడు ఫ్రాన్సుదేశీయుడైన మనూ కోర్నే. ఈయన కథ మిక్కిలి ఆలోచింపదగినది. 2021 వరకు ఈయన గూగుల్‌లో ఇంజనీరు. పగలు ఆ సంస్థకు కోడు వ్రాయుచు, ఆ సంస్థ లోపలి బ్రతుకునే ‘గూమిక్స్’ అను పేర బొమ్మలుగా గీయుచుండెను. 2011లో ఆరు పెద్దసంస్థల అధికారక్రమమును ఆరు చిన్నపటములుగా గీచెను. అమెజాన్ కొమ్మలు తీరిన చెట్టు. ఆపిల్ నడుమ ఒక ఎర్రని చుక్క, దాని చుట్టును తక్కినవారు. ఒరాకిల్‌లో న్యాయశాఖ కొండంత, ఇంజనీర్ల శాఖ గోరంత. మైక్రోసాఫ్ట్ శాఖలు ఒకదానిపై నొకటి తుపాకులు గురిపెట్టి నిలిచినవి. తాను పనిచేయు గూగుల్‌ను సైతము ఆయన వదలలేదు. ఆ పటమున గీతలన్నియు చిక్కుపడి యున్నవి.

హైదరాబాదున జన్మించి, 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతియైన సత్య నాదెళ్ళగారు 2017లో ప్రకటించిన ‘హిట్ రిఫ్రెష్’ గ్రంథమున ఈ బొమ్మను ప్రస్తావించినారు. అది తమను బాధించినదనియు, తమవారే దానిని ఒప్పుకొనుట మరింత నొప్పించినదనియు వ్రాసినారు. సంస్థ నడవడిని మార్చుటయే తమ ప్రథమకర్తవ్యమని ఆయన అధికారము స్వీకరించిననాడే ప్రకటించినారు. నివేదికలు చెప్పలేనిదానిని నాలుగు గీతలు చెప్పగలవనుటకు ఇంతకన్న నిదర్శనము వేరు కావలెనా?

అయితే ఇందొక చిక్కు కలదు. ఉప్పు తిన్న ఇంటిని గూర్చి పదుగురిలో పలుకవచ్చునా? మా యెన్నికలో గుట్టు వేరు, గుణము వేరు. వ్యాపారరహస్యమును, తోటివాని పరువును బయటపెట్టుట ద్రోహము. అందరికి అనుభవమైన లోపమును పేరెత్తక నవ్వుతో చూపుట మేలు. పెత్తనము వహించువాడు మరింత జాగరూకుడై యుండవలెను. ఏటేట తాను మార్కులు వేయు క్రిందియుద్యోగిని బొమ్మలోనికి లాగినచో, నోరు కట్టి కొట్టినట్లే యగును. వ్యంగ్యము పైకి పోవలెను గాని క్రిందికి జారరాదు.

చట్టమును కూడ మరువరాదు. మన 1957 నాటి కాపీరైటు చట్టమును బట్టి, ఉద్యోగవిధులలో భాగముగా చేసిన రచనకు, వేరు ఒప్పందము లేనిచో, యజమానియే తొలి హక్కుదారు. కావున కార్యాలయపు వేళను, కార్యాలయపు కంప్యూటరును సొంత వ్యాసంగమునకు వాడకుండుటయు, చేరునాడు సంతకము చేయు కాగితమును శ్రద్ధగా చదువుటయు వివేకము.

హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయు బిడ్డలు గల తెలుగు కుటుంబములు నేడు అనేకము. అట్టి బిడ్డ రాత్రి ప్రొద్దుపోవువరకు గీయుచునో వ్రాయుచునో కూర్చున్నప్పుడు, ‘వచ్చు జీతము చాలదా?’ అని పెద్దలు అడుగుట సహజమే. నిద్రను, ఇంటివారి వేళను తినివేయనంతవరకు ఆ పనిని సాగనిండు. అది రూపాయి తేకపోవచ్చును. కాని పగటి పనిని కొంత ఎడముగా నిలిచి చూచు కన్నునిచ్చును. ఆ కన్ను గలవాడు రేపు పదిమందికి అధికారియైనప్పుడు, తన గదిలో ఎవరి తుపాకి ఎవరిపై గురిపెట్టి యున్నదో, మరియొకడు గీచి చూపకముందే తాను గుర్తింపగలడు.