విశ్వాసి, నాస్తికుడు, ఒకే త్రాసు

(శతాబ్ది ఉత్సవాల సందర్భంగా జరిగిన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



"విశ్వాసమును కాపాడుకొనుట" అనే అంశము మీద మాట్లాడమని నన్ను కోరారు. ఈ మధ్య కొందరు తలిదండ్రులు వచ్చి, "అయ్యగారూ, మావాడు తిరుపతికి చదువుకు పోయినప్పటినుంచి దేవుడు లేడంటున్నాడు, మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి" అని అడుగుతున్నారు. పోయి కూర్చుంటాను. ఆ పిల్లలు అడిగే ప్రశ్నలు విని నేను భయపడను. వాటిలో సగము మన ప్రవక్తలు అడిగినవే. "అట్లాంటివి అడగగూడదురా" అని ఇంట్లోవాళ్లు వాడి నోరు మూయించడము చూస్తేనే నాకు భయము.

అడగకూడదని వాక్యములో ఎక్కడ ఉన్నది? యెషయా మొదటి అధ్యాయములో దేవుడే తన ప్రజలను వాదమునకు రమ్మని పిలుస్తున్నాడు. మన నిరీక్షణకు హేతువు అడిగినవారికి సాత్వికముతో సమాధానము చెప్పడానికి సిద్ధముగా ఉండమని పేతురు తన మొదటి పత్రికలో వ్రాశాడు. హేతువు అనే మాట హేతువాదుల సొంత ఆస్తి కాదు, మన బైబిలులోనే ఉన్నది. పౌలు ఏథెన్సుకు పోయినప్పుడు అతనితో వాదించినవారిలో ఎపికూరీయులు ఉన్నారు. దేవతలు ఉంటే ఉండవచ్చు గాని మనుష్యుల సంగతి వారికి పట్టదు అనేవారు వాళ్లు. వారికి పౌలు మోషే ధర్మశాస్త్రము విప్పలేదు. వాళ్ల ఊరి బలిపీఠముతో మొదలుపెట్టి వాళ్ల కవుల మాటతో ముందుకు నడిచాడు. ఇద్దరూ నిలబడగల నేల ఎక్కడ ఉందో ముందు వెదికాడు. చివరకు కొందరు నవ్వారు, కొందరు ఇంకొకసారి వింటామన్నారు, కొందరు నమ్మారు. నవ్వినవారిని పౌలు శపించలేదు.

ఇప్పుడు త్రాసు సంగతి. చిత్తూరు బెల్లము మండీ చూచినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి వాడే వర్తకుడిని రైతు ఏమంటాడో మీకు తెలుసు. సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకొనడము దేవునికి హేయమని ద్వితీయోపదేశ కాండము, సామెతలు రెండూ చెప్పుచున్నవి. మనము దానిని సరుకులకే పరిమితము చేసుకున్నాము. నమ్మకాలను తూచే దగ్గర మన సంచిలో ఎన్ని రాళ్లున్నాయి? పక్కింటివాళ్ల మొక్కుబడిని చూచి నవ్వుతాము. ధర్మరాజు తిరునాళ్లలో నిప్పులమీద నడిచేవారిని చూచి మూఢనమ్మకము అంటాము. అదే నోటితో స్వస్థత కూటములో ప్రార్థన చేసిన నూనె సీసా కొని ఇంటికి తెచ్చుకుంటాము. గ్రహణము రోజున మన విశ్వాసుల ఇళ్లలో కూడా కడుపుతో ఉన్న కోడలిని బయటకు రానివ్వరు. ఇది ఏ సువార్తలో ఉన్నదో నాకు ఇప్పటికీ దొరకలేదు.

దానియేలు పేరున ఒక కథ ఉన్నది. మన బైబిలులో లేదు గాని రోమను కథోలికులు దానిని గ్రంథములో చదువుకుంటారు. బేలు అనే విగ్రహము రోజూ పన్నెండు కొలతల పిండి, నలభై గొఱ్ఱెలు ఆరగిస్తుందని పూజారులు రాజుకు చెప్పారు. దానియేలు రాత్రి గుడి నేలమీద బూడిద చల్లించి తలుపు వేయించాడు. తెల్లవారి చూస్తే బూడిదలో మగవారి, ఆడవారి, పిల్లల అడుగుజాడలు! ప్రవక్త అక్కడ చేసినది మన కాలపు హేతువాది చేసే పనే కదా. అయితే ఆ బూడిద బేలు గుడిలో మాత్రమే చల్లుతాము, మన మందిరములో చల్లము అంటే మాత్రము రెండు రాళ్ల వ్యాపారమే.

మా సంఘములో ఒక తల్లికి క్షయ వచ్చింది. ఆరు నెలలు మాత్రలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గింది. ఒక కూటములో ఎవరో "నీవు స్వస్థపడితివి, మాత్రలు అవిశ్వాసము" అన్నారు. ఆమె మానేసింది. ఏడాది తిరగక ముందే జబ్బు మళ్లీ వచ్చింది, ఈసారి మునుపటి మందులకు లొంగలేదు. మందు మధ్యలో మానితే సూక్ష్మజీవి మొండికెత్తుతుందని ఆసుపత్రిలో చెప్పే మాట దేవునికి విరోధమైన మాట కాదు. నాస్తికుడు ఈ సంగతి విని మనలను నిలదీస్తే, అతడు మన శత్రువా? ఆ తల్లి తరఫున మాట్లాడినవాడా?

ఇదే విషయములో మన ప్రాంతపు విశ్వాసులే ఎంత మంచి మాదిరి చూపారో మరచిపోయాము. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో వేర్వేరు మిషనులు కలిసి కట్టిన క్షయ చికిత్సాలయము 1915లో ఆరంభమైనది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ గారు దానిని నడిపారు. మన దేశములో బి.సి.జి. టీకాలు మొదలైనదీ 1948లో మదనపల్లెలోనే. టీకా వేశాము, దేవుడు దీవిస్తాడు అని వాళ్లు ఊరుకోలేదు. చుట్టుపక్కల పల్లెలలో టీకా వేసినవారిని, వేయనివారిని ఏండ్ల తరబడి వెంబడించి లెక్క వేశారు. ఆశించినంత రక్షణ కనబడలేదు. ఆ సంగతిని దాచక ప్రపంచానికి ప్రకటించారు. అక్కడ ఉదయము ప్రార్థన జరిగేది, తరువాత లెక్కలు జరిగేవి. ప్రార్థన చేసినవాడు కాబట్టి లెక్క తప్పు వ్రాయవచ్చు అని ఎవరూ అనుకోలేదు. ఆ లెక్కల పుస్తకము ముందు నాస్తికుడైన డాక్టరు, విశ్వాసియైన డాక్టరు పక్కపక్కన కూర్చోవచ్చు.

ఇక నాస్తికుల సంగతి. మన తెలుగుదేశములో ఆ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది గోరా గారు, గోపరాజు రామచంద్రరావు గారు. 1902లో పుట్టారు. వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు. నాస్తిక భావాల కారణముగా కాకినాడ కళాశాలలో ఉద్యోగము పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రము స్థాపించారు, 1947లో అది విజయవాడకు మారింది. క్రైస్తవ మతము పుచ్చుకుంటే అమెరికాలో చదివిస్తామని మధురలో ఉండగా వచ్చిన మాటను ఆయన కాదన్నట్లు ఆయన జీవితకథలో చెప్తారు. మనకు ఇది చెప్పుకొనడానికి ఇబ్బందిగా ఉంటుంది. చదువు ఎర చూపి తెచ్చిన ఒప్పుదల, దేవునికి ఏమి మహిమ తెస్తుంది? ఆయన కాదనడమే, నా దృష్టిలో, సత్యమునకు చేసిన మర్యాద. ఆయన భార్య సరస్వతి గారు కడుపుతో ఉండి గ్రహణము చూశారు, బిడ్డ చక్కగా పుట్టింది. నిప్పులమీద నడిచి అందులో మహిమ లేదని చూపారు.

ఈ గోరా గారు 1944లో సేవాగ్రామములో గాంధీజీని కలిశారు. ఒకరు రోజూ ప్రార్థన లేనిదే నిలువని మనిషి, ఒకరు దేవుడే లేడనే మనిషి. గాంధీగారికి మొదట ఈ నాస్తికత్వము నచ్చలేదు. కాని ముదునూరులో అన్ని కులాలవారు ఒక పంక్తిన కూర్చుని భోజనము చేస్తున్నారన్న సంగతి విన్నారు. అంటరానితనము కళ్లారా చూచే గోరా ఈ దారి పట్టాడని విన్నారు. తరువాత ఇద్దరూ కూర్చుని తీరికగా మాట్లాడుకున్నారు. తన ఆస్తికత్వమే ఒప్పు అని గాని, గోరా నాస్తికత్వము తప్పు అని గాని తాను తీర్పు చెప్పలేనని, ఇద్దరమూ సత్యమును వెదకేవాళ్లమేనని గాంధీజీ భావము. దేవుడే సత్యము అనే తన పాత మాటను తిప్పి, సత్యమే దేవుడు అని ఆయన 1931లోనే అన్నారు. దేవుని కాదనేవాడు కూడా సత్యమును కాదనడు అని ఆయన చెప్పిన కారణము. గోరా కుమార్తె మనోరమకు దళిత కులస్థుడైన అర్జునరావుతో ఆశ్రమములో పెండ్లి చేయడానికి ఒప్పుకొని, ఆ కార్యక్రమములో దేవుడు అన్నచోట సత్యము అని చెప్పవచ్చునన్నారు. ఆ పెండ్లి నాటికి గాంధీజీ లేరు. 1948 మార్చిలో, మాట ఇచ్చిన ప్రకారము సేవాగ్రామములోనే జరిగింది.

ఇక్కడ ఆగి మనము మనలను అడుగుకోవాలి. నాస్తికుడు తన కుమార్తెను కులము దాటి ఇచ్చాడు. బాప్తిస్మము పొందిన మనము పెండ్లి సంబంధాలకు పోయినప్పుడు మొదట ఏమి విచారిస్తాము? క్రీస్తునందు భేదము లేదని ఆదివారము చెప్పి, సోమవారము "వాళ్లు మనవాళ్లేనా" అంటాము. ఈ ప్రశ్న పెరియారు శిష్యుడు అడిగినా, పౌలు అడిగినా జవాబు ఒక్కటే కావాలి.

స్టూవర్టుపురము మరొక సంగతి. నేరస్థ జాతులని ముద్ర వేసిన ఎరుకలవారి కోసము సాల్వేషను ఆర్మీవారు తెల్లవారి కాలములో నడిపిన ఆ సెటిల్మెంటులో 1970లలో గోరా కుమారుడు లవణము, ఆయన భార్య హేమలత పనిచేశారు. ఈ హేమలత ఎవరనుకున్నారు? క్రైస్తవ కుటుంబములో పుట్టిన మన మహాకవి జాషువా కుమార్తె. మొదట సువార్తికులు దున్నిన నేలమీద తరువాత నాస్తికులు విత్తారు. పరలోకము ఉన్నదా లేదా అన్నది తేలేవరకు ఆ పిల్లల బడి ఆగలేదు.

నాస్తికులు కూడా ఇదే త్రాసు ఎక్కాలి. విశ్వాసులందరూ బుద్ధిహీనులు అనేవాడు ఆరోగ్యవరము లెక్కలు చూడలేదు. మనుష్యులందరూ సమానులు అని గోరా గారు ఎంత గట్టిగా నమ్మారో చూడండి. అది వృక్షశాస్త్రములో దొరికిన సత్యమా? కాదు. ఆయన దాని కొరకు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. "మీరు దానిని ఎక్కడనుంచి తెచ్చుకున్నారు?" అని స్నేహముగా అడిగే హక్కు మనకు ఉన్నది. దేవుని స్వరూపమందు మనిషి చేయబడ్డాడు అనే మన జవాబును ఆ బల్లమీద పెట్టే హక్కూ ఉన్నది. తర్కముతో ఎవరినీ సిలువ దగ్గరకు ఈడ్చుకొని రాలేము, అది నాకు తెలుసు. నన్ను కూడా తర్కము తేలేదు. అయినా తర్కము నన్ను అబద్ధము చెప్పనివ్వదు.

ఈ శతాబ్ది సంవత్సరములో నా మనవి ఒక్కటి పాస్టరేటు కమిటీల ముందు ఉంచుతున్నాను. నెలకొక సాయంకాలము మందిరపు హాలులో ప్రశ్నల కూటము పెడదాము. ఊరిలో పేరున్న హేతువాది ఉపాధ్యాయుడు ఎవరైనా ఉంటే పిలుద్దాము, కాఫీ ఇద్దాము, పూర్తిగా మాట్లాడనిద్దాము. పాట పాడి అతని మాటను ముంచవద్దు. చివరలో అతనికోసము ప్రార్థన చేయాలంటే అతనిని అడిగి చేద్దాము. మొదటి నెల అంశముగా గ్రహణమును పెట్టవచ్చు, రెండవ నెల స్వస్థత. స్వస్థత కూటానికి మన ఆసుపత్రి డాక్టరును కూడా పిలవాలి. కులము అంశము మూడవ నెలకు వద్దు, దానికి రెండు సాయంకాలాలు కావాలి.